దీక్ష ఒక్కనాటిది - ధమ్మం రోజూది

(నవాబుపేట మండలంలోని ఊర్ల నుంచి వచ్చిన కూలీలు, చిన్న రైతులు, చదువుకుంటున్న పిల్లలు, సంఘం కార్యకర్తల కూటమిలో మా తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొద్దంతా చేన్లల్ల పనిచేసి, పొద్దుగూకినంక వచ్చి కూచున్నారు. కనుక పెద్ద పెద్ద మాటలు పెట్టుకోం. ఊరూరా తిరిగినప్పుడు మీరు మమ్మల్ని అడిగిన ప్రశ్నలే ముందు పెట్టుకుందాం.

ఇయ్యాల ప్రతి వాడలో అంబేడ్కర్ విగ్రహం ఉంది. ఏప్రిల్ 14న దండలు వేస్తున్నాం, డిసెంబర్ 6న కొవ్వొత్తులు వెలిగిస్తున్నాం. ఆ విగ్రహం కింద కూచున్న తమ్ముండ్లు అడుగుతున్నారు: "బాబాసాహెబ్ చూపిన తొవ్వ బౌద్ధం గదా, మనం దీక్ష ఎప్పుడు తీసుకుందాం?" పెద్దోళ్లు మాత్రం తల గోక్కుంటున్నారు. "ఎస్సీ కాగితం పోతదా బిడ్డా?" అని ఒకరు. "పోచమ్మను ఏం చేద్దాం?" అని ఒక అవ్వ. "మేం చర్చికి పోతం, మా సంగతేంది?" అని ఇంకొకరు. "పీనుగ లేస్తే మంత్రం ఎవరు చదువుతరు?" అని మరొకరు. ఇవి వెనకడుగు వేసేవాళ్ల ప్రశ్నలని తమ్ముండ్లు కోపం చేస్తున్నారు. కోపం వద్దు. బుద్ధుడికి నచ్చే మనుషులు ఇట్లా అడిగేవాళ్లే.

కేసపుత్త అనే ఊళ్లో కాలాములు అనే జనం ఉండేవాళ్లు. వచ్చిన ప్రతి సాధువూ తన మాటే నిజం, పక్కవాడిది అబద్ధం అని చెప్పిపోతుంటే వాళ్లకు ఏది నమ్మాలో తెలియలేదు. బుద్ధుడు వస్తే అదే అడిగారు. మీకు అనుమానం రావడం న్యాయమే అన్నాడు ఆయన. పెద్దలు చెప్పారని, పుస్తకంలో ఉందని, గురువు మీద గౌరవం ఉందని దేన్నీ ఒప్పుకోవద్దు, మీ అనుభవంలో పెట్టి చూడండి, మనుషులకు మేలు చేస్తే పట్టుకోండి, కీడు చేస్తే వదలండి అని చెప్పాడు. మన వాడలకు ఇంతకన్నా మొదటి పాఠం లేదు. మన తాతలను ప్రశ్న అడగనియ్యలేదు. అడగడం మొదలుపెట్టిన రోజే ధమ్మంలో అడుగు పడ్డట్టు.

ఇరవై ఒక్క ఏండ్లు

తొందరపడే తమ్ముండ్లకు ఒక లెక్క చెప్తాం. మహద్ చెరువు నీళ్ల కోసం బాబాసాహెబ్ పోరాడింది 1927లో. నాసిక్ కాలారాం గుడి ముందు సత్యాగ్రహం మొదలైంది 1930లో. గుడి తలుపు తెరవలేదు. 1935 అక్టోబర్ 13న యేవలాలో ఆయన ప్రకటించాడు: హిందువుగా పుట్టడం తన చేతిలో లేదు గాని, హిందువుగా చావనని. నాగపూర్‌లో దీక్ష తీసుకున్నది 1956 అక్టోబర్ 14న. నడుమ ఇరవై ఒక్క ఏండ్లు. అంత చదువు చదివిన మనిషి అన్ని ఏండ్లు చదివి, వెతికి, పోల్చి చూసుకుని నిర్ణయం తీసుకున్నాడు.

దీక్ష అయిన యాభై మూడు రోజులకే, డిసెంబర్ 6న, ఆయన పోయాడు. ఆయన రాసిన 'బుద్ధుడు-ఆయన ధమ్మం' పుస్తకం అచ్చయి వచ్చింది 1957లో. ఆయనతో పాటు దీక్ష తీసుకున్న లక్షల మందికి చేయి పట్టుకుని నేర్పే మనిషి లేకుండాపోయాడు. అయినా మహారాష్ట్రలో మిల్లు కూలీలు, రైల్వే కూలీలు, పొలం కూలీలు తమ బస్తీల్లో తామే రేకుల షెడ్లు వేసుకుని విహారాలు అన్నారు, వారం వారం కూచున్నారు, పిల్లలకు చదువు పెట్టారు. 2011 జనాభా లెక్కల్లో దేశంలో బౌద్ధులు 84 లక్షల మంది ఉంటే అందులో 65 లక్షల మంది మహారాష్ట్రలోనే ఉన్నారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తంలో నలభై వేల మంది కూడా లేరు. మన దగ్గర సభలు జరగలేదా? జరిగాయి. దీక్షలు జరగలేదా? జరిగాయి. సభ అయినంక తెల్లారి ఏం చేయాలన్నది మాత్రం మనం కట్టుకోలేదు. కనుక ఇయ్యాల మా మాట ఒక్కటే. దీక్ష ఒక్కనాటిది, ధమ్మం రోజూది. రోజూది చేతనైతే దీక్ష దానంతట అదే వస్తది.

ఇది పరాయిది కాదు

"బుద్ధుడు ఎక్కడో ఉత్తరాది దేవుడు, మనకేంటికి?" అనేవాళ్లు ఉన్నారు. మొదలు, ఆయన దేవుడు కాదు. నేను మనిషిని, తొవ్వ చూపేవాణ్ణి అని చెప్పుకున్నవాడు. ఇగ దూరం సంగతి. మనకు శంకరపల్లి అవతల, సంగారెడ్డి జిల్లాలో కొండాపూర్ ఉంది. 1940వ దశకం మొదట్లో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ అక్కడ మట్టిదిబ్బ తవ్వితే శాతవాహనుల కాలం ఊరు బయటపడ్డది. నాణేలు, కుండలు, పూసలతో పాటు బౌద్ధుల కట్టడాల ఆనవాళ్లు దొరికాయి. అక్కడ మ్యూజియం ఉంది, పిల్లల్ని తీసుకపోయి చూపించండి.

ఇటు తాండూరులో రైలెక్కితే సేడం, చిత్తాపూర్ మీదుగా వాడి పోతాం. ఆ చిత్తాపూర్ వైపు భీమా నది ఒడ్డున సన్నతి ఉంది. అక్కడి గుళ్లో 1986లో పైకప్పు కూలింది. విగ్రహం పగిలింది. ఆ శిథిలాలు తీసి చూస్తే విగ్రహం నిలబెట్టిన పీఠం రాయి మీద అశోకుని శాసనం! బుద్ధుని మాట నమ్మిన రాజు శాసనాన్ని బోర్లేసి, తొలిచి, దేవతకు పీఠం చేసుకున్నారు. దాని పక్కనే కనగనహళ్లిలో 1990వ దశకంలో తవ్వితే పెద్ద స్తూపం బయటపడ్డది. అందులో ఒక రాతి మీద అశోకుని బొమ్మ, కింద ఆయన పేరు. మన చరిత్ర సంగతి కూడా ఇంతే. పోలేదు, కింద పడి ఉంది. పైన నిలబడ్డది కూలితే గాని కనపడలేదు.

మన హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ ఉన్నాడు. 1888లో పుట్టాడు, 1939లో పోయాడు. అంబేడ్కర్ దీక్షకు నలభై మూడేండ్ల ముందు, 1913లోనే, ఆయన హైదరాబాద్‌లో బుద్ధ జయంతి జరిపించాడు. మనం పంచములం కాదు, ఈ నేల మొదటి మనుషులం, ఆది హిందువులం అన్నాడు. బుద్ధ జయంతి జరిపి ఊకోలేదు, బడులు పెట్టాడు. తాగుడు మాన్పించే పని పట్టుకున్నాడు. దేవత పేరు మీద ఆడపిల్లల్ని విడిచే ఆచారం మీద, జంతుబలుల మీద పోరాడాడు. చూడండి, మనకు మొదటి మెట్లు వంద ఏండ్ల కింద మన మనిషే చెక్కిపెట్టాడు. ఎక్కడమే మిగిలింది.

మొదటి మెట్టు: వారానికి ఒక్క పూట

విహారం కట్టడానికి చందాలు ఎత్తుడు తర్వాత. ముందు వారానికి ఒక్క పూట, ఒక్క గంట కూచుందాం. బడి వరండా అయినా సరే, చెట్టు కింద అయినా సరే. కూలి పని అయినంక, అందరికీ వీలయ్యే పొద్దు చూసుకోండి. ఆ గంటలో నాలుగు పనులు.

ఒకటి, బుద్ధుణ్ణి, ధమ్మాన్ని, సంఘాన్ని శరణు కోరడం. పాళీలో చెప్పుకుంటారు. అర్థం తెలుగులో చెప్పుకోకుంటే అది కూడా మంత్రమే అయిపోతది. శరణు అంటే కాళ్ల మీద పడుడు కాదు. బుద్ధుని శరణు అంటే మనిషి తన ప్రయత్నంతోనే మేలుకోగలడన్న నమ్మకం. ధమ్మం శరణు అంటే ఆ తొవ్వ పట్టుకోవడం. సంఘం శరణు అంటే ఒక్కడిని కాను, కలిసి నడుస్తాను అనే మాట.

రెండు, పది నిమిషాలు కండ్లు మూసుకుని ఊపిరి రావడం, పోవడం చూసుకుంటూ ఉండడం. "ఇదేం పని?" అని నవ్వకండి. పొద్దంతా తిట్లు పడ్డ మనసులో ఎంత కోపం కుప్పపడ్డదో మనకే తెలియదు. అది దొర మీదికి పోదు, ఇంటికొచ్చి పెండ్లాం మీదికి, పిల్లల మీదికి పోతది. కోపాన్ని చూడడం నేర్చినోడు దాన్ని ఎక్కడ పెట్టాలో కూడా నేరుస్తడు. ఇంకా నేర్చుకోవాలన్నోళ్లకు హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీద ధమ్మఖేత్త విపస్సన కేంద్రం ఉంది. పది రోజుల శిబిరం, ఫీజు లేదు. అయితే పది రోజుల కూలి పోతది, ఆ లెక్క చూసుకుని సంఘం ఒకరిద్దరిని పంపాలి. నాగపూర్‌లో నాగలోక ఉంది. రకరకాల రాష్ట్రాల దళిత యువకులు అక్కడే ఉండి బౌద్ధం, అంబేడ్కర్ ఆలోచన నేర్చుకుంటారు. మన పిల్లలూ పోవాలి.

మూడు, రెండు పేజీల చదువు. 'బుద్ధుడు-ఆయన ధమ్మం' తెలుగులో దొరుకుతది. చదువొచ్చిన పిల్ల చదవాలి, రానోళ్లు వినాలి. మొదటి వారం రోహిణి నది కథ చదవండి. సిద్ధార్థుడు ముసలివాణ్ణి, పీనుగను చూసి ఇల్లు విడిచాడని మనం విన్నాం. ఇరవై తొమ్మిదేండ్లు వచ్చేదాకా ముసలివాణ్ణి చూడని మనిషి ఉంటాడా అని బాబాసాహెబ్ అడిగాడు. ఆయన చెప్పిన కారణం వేరు. రోహిణి నీళ్లు ఎవరి పొలాలకు ముందు పారాలని శాక్యులకు, కోలియులకు తగాదా. శాక్యుల సంఘం యుద్ధం అన్నది. సిద్ధార్థుడు ఒద్దన్నాడు. ఇటు ఇద్దరు, అటు ఇద్దరు, ఆ నలుగురు కలిసి ఎంచుకున్న అయిదో మనిషి కూచుని తేల్చాలన్నాడు. ఓట్లలో ఓడాడు. మాట మార్చుకోలేదు, ఊరు విడిచిపోయాడు. బోరు నీళ్ల కాడ అన్నదమ్ములు కొట్టుకునే ఊర్లకు ఈ కథ అర్థం చెప్పనక్కర లేదు.

నాలుగు, ప్రశ్నలు. ఆడోళ్లు ముందు అడగాలి. మొగోళ్లు అందరి కన్నా చివర మాట్లాడాలి. ఇది నియమం పెట్టుకోండి.

రెండో మెట్టు: ఐదు శీలాలు మన వాడలో

పంచశీలం అంటే గోడ మీద రాసుకునే మాటలు కావు. మన వాడలో వాటి అర్థం ఏందో చూద్దాం.

ప్రాణం తీయకపోవడం మొదటిది. "కూర మానాల్నా?" అని అడుగుతారు. చంపాలనే కోరిక వేరు, తినడానికి అవసరం వేరు అని బాబాసాహెబ్ విడదీసి చెప్పాడు. పెద్దకూర తిన్నందుకే మనల్ని వెలివేశారని, వెలి కాకముందు మనవాళ్లు బౌద్ధులని 1948లో 'అస్పృశ్యులు' పుస్తకంలో వాదించినవాడు కూడా ఆయనే. కనుక మన తిండిని పాపం అనే మాట మనం అనొద్దు. అప్పు తెచ్చి యాటను కోసి, ఆ అప్పుకు ఏడాదంతా వెట్టి చేసే పని మాత్రం ఆపుదాం.

ఇయ్యనిది తీసుకోకపోవడం రెండోది. మన తాతలకు వచ్చిన లావణి పట్టా భూములు ఎట్లా పోతున్నాయో చూస్తున్నారు. హైదరాబాద్ మన పొలాల దాకా నడిచొచ్చింది. సర్కారు ఇచ్చిన ఆ భూములు అమ్మరాదు, కొనరాదని 1977 నుంచే చట్టం ఉంది. అయినా కాగితాలు తయారైతున్నాయి. అందులో నడుమ నిలబడే బ్రోకరు ఒక్కోసారి మన తమ్ముడే. మెడలో నీలి కండువా వేసుకుని పక్కింటి ముసలవ్వ వేలిముద్ర తీసుకునేవాడు శరణాలు ఎన్ని చెప్పినా అది ధమ్మం కాదు.

కామంతో తప్పు నడవడి లేకపోవడం మూడోది. జోగిని ఆచారాన్ని 1988లో చట్టం నేరం చేసింది. ఏ వాడలోనూ ఏ పిల్లా దేవత పేరు మీద ముడుపు కావొద్దు. పదో తరగతి కాకముందే పెండ్లి కావొద్దు. ఇంట్లో చెయ్యి లేపే మొగోడు బుద్ధుని పటం ముందు కూచునే ముందు పెండ్లాం ముందు కూచోవాలి.

అబద్ధం ఆడకపోవడం నాలుగోది. మనకు అబద్ధం ఎక్కడ ఖరీదైతదో తెలుసా? సాక్ష్యం కాడ. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెడతాం, ఆర్నెల్లకు పైసలు పట్టుకుని పెద్దమనిషి వస్తడు, సాక్షి మాట మారుస్తడు. చుండూరును యాది చేసుకోండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. పదహారేండ్లు సాక్షులు నిలబడ్డారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. కోర్టు ఏమన్నా, ఆ కూలి ఆడోళ్లు, మొగోళ్లు తమ మాట మీద నిలబడ్డ పదహారేండ్లు ఎవరూ కొట్టేయలేరు. నాలుగో శీలం అంటే అది.

మత్తు ముట్టకపోవడం ఐదోది. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడోళ్లు అక్షరదీపం తరగతుల్లో చదువుకోవడానికి కూచున్నారు. పాఠం సారా మీదికి వచ్చింది. పలకలు పక్కన పెట్టి సారా దుకాణం మీదికి పోయారు. రోశమ్మ లాంటి పల్లె తల్లులు మొదలుపెట్టిన ఆ పోరు రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబర్ 1 నుంచి సారా బందయింది. 1995లో పూర్తి మద్యనిషేధం వచ్చింది. 1997లో సర్కారు దాన్ని ఎత్తేసింది. ఇయ్యాల బెల్టు షాపు మన వాడ లోపలే ఉంది. దూబగుంట మనకు చెప్పేది ఇదీ: వారానికి ఒక్కసారి కూచుని చదువుకునే ఆడోళ్లు ఉంటే ఐదో శీలానికి పోలీసు అక్కర లేదు.

ఐదూ ఒక్కసారి పట్టలేకపోతే ఒకటి పట్టుకోండి. ఆరు నెలలు నిలుపుకోండి. తర్వాత ఇంకోటి.

పోచమ్మ, చర్చి, కాగితం

బాబాసాహెబ్ నాగపూర్‌లో 22 ప్రతిజ్ఞలు చేయించాడు. దేవుళ్లను కొలవనని, బ్రాహ్మణునితో కర్మలు చేయించనని, మనుషులంతా సమానమని నమ్ముతానని అందులో ఉంది. దీక్ష తీసుకునేవాళ్లు వాటిని తెలిసి తీసుకోవాలి, దాచిపెట్టి ఎవరినీ తీసుకరావొద్దు. కాని కొడుకు దీక్ష తీసుకున్నాడని తల్లి పెట్టుకున్న పోచమ్మ రాయిని బయట పారేసే హక్కు వాడికి లేదు. కంచ ఐలయ్య 1996లో రాసిన 'నేను హిందువునెట్లయిత?' పుస్తకంలో చూపినట్టు పోచమ్మకు పూజారి అక్కర లేదు, సంస్కృతం అక్కర లేదు, మన మాటే చాలు. రోగం వచ్చినప్పుడు ఆసరా లేని తల్లికి ఆమె ధైర్యం. ఆ తల్లికి దవాఖాన చూపించండి, పక్కన కూచోండి, ధైర్యం ఇంకో చోట దొరికినప్పుడు ఆమె తానే నిర్ణయించుకుంటది.

చర్చికి పోయే మనోళ్లతో మనకు తగాదా లేదు. వికారాబాద్‌లో మెథడిస్ట్ మిషన్ బడి, ఆసుపత్రి పెట్టినప్పుడు మన తాతలకు వేరే తలుపు ఏదీ తెరిచి లేదు. ఆ పలక మీద అక్షరం నేర్చినోళ్ల మనవళ్లే ఇయ్యాల అంబేడ్కర్‌ను చదువుతున్నారు. వాళ్లను వారం కూటానికి పిలవండి. వినడానికి మతం మారాల్సిన పని లేదు.

ఇగ కాగితం. ఇది స్పష్టంగా వినండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మొదట హిందువులకే ఎస్సీ హోదా ఉండేది. 1956లో సిక్కులను చేర్చారు. 1990లో చట్టం సవరించి బౌద్ధులను చేర్చారు. కనుక ఎస్సీ మనిషి బౌద్ధం తీసుకుంటే ఎస్సీ హోదా పోదు. క్రైస్తవులైన దళితులకు ఆ హోదా ఇంకా దక్కలేదు, వాళ్లను మన దగ్గర బి.సి.-సి లో పెట్టారు. అది అన్యాయం, దాని మీద కొట్లాట వేరే ఉంది. బౌద్ధం తీసుకుంటే కాగితం పోతదని చెప్పేవాడికి 1990 చట్టం చూపించండి. జనాభా లెక్కల వాళ్లు వచ్చినప్పుడు దీక్ష తీసుకున్నవాళ్లు మతం కాడ బౌద్ధం అని, కులం కాడ మాల గాని, మాదిగ గాని ఏదైతే అదే రాయించాలి. ఒకటి రాయిస్తే రెండోది పోదు.

పెండ్లికి, చావుకు మంత్రం ఎవరు చదువుతరన్నది ఇంకో ప్రశ్న. చదువుకున్న మన అక్కో, తమ్ముడో శరణాలు, శీలాలు చెప్పిస్తే చాలు. పెండ్లిలో ఇద్దరూ సమానంగా మాట ఇచ్చుకుంటారు, కట్నం మాట ఉండదు. రిజిస్టర్ మాత్రం చేయించాలి. 1955 హిందూ వివాహ చట్టం బౌద్ధులకు కూడా వర్తిస్తది. చావులో పోయినోళ్ల మంచి నాలుగు మాటలు చెప్పుకుంటారు. దినాలకు అప్పు చేసే పని తప్పుతది.

ఒక్కటే చాప

చివరి మాట అన్నింటికన్నా కష్టమైనది. వర్గీకరణ కోసం 1994 నుంచి మాదిగలు కొట్లాడారు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చేయొచ్చన్నది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో అమల్లోకి వచ్చింది. ముప్పై ఏండ్లు మాలవాడ, మాదిగవాడ మనసుల్లో ఎంత మంట పేరుకున్నదో మనందరికీ తెలుసు. వాటా ఎవరిది వాళ్లకు రావడం న్యాయం. వాటా పంచుకున్నంక అన్నదమ్ములు మాట్లాడుకోవద్దని ఏ చట్టంలోనూ లేదు.

బుద్ధుని సంఘంలో ఉపాలి అనే మంగలి ఉండేవాడు. శాక్య రాజకుమారులు సంఘంలో చేరడానికి వచ్చినప్పుడు ఆయన కూడా వచ్చాడు. ముందు చేరినవాళ్లకు తర్వాత చేరినవాళ్లు మొక్కాలని సంఘం నియమం. ముందు ఉపాలిని చేర్చండి అని ఆ రాజకుమారులే అడిగారు. వాళ్ల గర్వం వాళ్లే దించుకోవడానికి. ఆ ఉపాలే తర్వాత సంఘం నియమాలన్నింటికీ పెద్ద దిక్కయ్యాడు.

మన వాడలో ఉపాలి ఎవరు, రాజకుమారులు ఎవరు అని అడుక్కోండి. మాల ఇంట్లో మాదిగ కూచుని తింటున్నాడా? మాదిగ ఇంటికి డక్కలి వస్తే చాప వేస్తున్నామా? రెండు గ్లాసుల హోటలు మీద కేసు పెట్టే మనం, మనలో మనం ఎన్ని గ్లాసులు పెట్టుకున్నాం? మాలల విహారం ఒకటి, మాదిగల విహారం ఒకటి కట్టే రోజు వస్తే, అది ఎంత పాలరాయితో కట్టినా బుద్ధుడు దాని లోపలికి రాడు. కనుక వారం కూటం ఒక వారం ఒక వాడలో, రెండో వారం ఇంకో వాడలో. చాయ్ ఏ ఇంట్లో కాగితే అందరూ అక్కడే తాగాలి. ఇది పాటించలేని ఊరు దీక్ష తేదీ అడగొద్దు.

వచ్చే కూటం దాకా ఊరికి నాలుగు పనులు: వారం గంట ఏ పొద్దున అని తేల్చుకోండి. చదివి వినిపించే పిల్లను ఎంచుకోండి. ఒక్క శీలం పట్టుకోండి. రెండు వాడల మధ్య ఒక్క చాప వేయండి. దీక్ష గురించి ఆ చాప మీద కూచున్నంక మాట్లాడుకుందాం.

జై భీమ్!